జోలపాట – చిత్తవిశ్రాంతి

తిరుమల శ్రీవారి నిత్యసేవలలో కడపటిది ఏకాంతసేవ. భోగ శ్రీనివాసమూర్తిని పర్యంకముపై శయనింపజేసి, పాలు, ఫలములు నివేదింతురు. తాళ్ళపాక వంశీయులు అన్నమాచార్య సంకీర్తనమును జోలగా పాడుదురు. పిదప తలుపులు మూయుదురు. జగములను కాచు స్వామికి జోల యేల? అలసిన జీవుని చిత్తమునకు అది విశ్రాంతి మార్గమును చూపుచున్నది.

ఆస్తికులారా! నేడు ఆ విశ్రాంతి మిక్కిలి యవసరమైనది. రక్తపుపోటు 140/90 దాటి నిలిచినచో వైద్యులు దానిని వ్యాధిగా పరిగణింతురు. మనస్సు కలగినపుడు శ్వాస వడిగా సాగును, గుండె దడదడ కొట్టుకొనును, రక్తనాళములు బిగియును. విలంబకాలమున సాగు గానమును ఏకాగ్రతతో వినునపుడు శ్వాస దానితోపాటు నిదానించును. శ్వాస నిదానించిన గుండెయు నెమ్మదించును. 13వ శతాబ్దమున శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున నాదమును వర్ణింపబోవుచు, ముందుగా శరీరోత్పత్తిని వివరించెను. ప్రాణము, అగ్ని కలిసి నాదమగుననెను. దేహము నెరుగక నాదము నెరుగరాదని ఆ మహనీయుని యాశయము కాబోలు!

ఇటలీలో బెర్నార్డి అను వైద్యుడును, సహపరిశోధకులును 2006లో ప్రకటించిన పరిశోధన యొకటి విచిత్రముగ నున్నది. 24 మందికి వేర్వేరు సంగీతములు వినిపించిరి. ద్రుతగతి గానమున శ్వాసయు, రక్తపుపోటును హెచ్చినవి. నడుమ 2 నిమిషములు గానము నాపినపుడు మాత్రము రక్తపుపోటు వినుటకు పూర్వమున్న దానికంటెను తగ్గినది. పాట వెనుకటి మౌనమే మిక్కిలి శాంతిప్రదమాయెను. జోల ముగిసిన పిదప తలుపులు మూయుటలోని సొగసు ఇట తలపునకు రాకమానదు. చెవులు బ్రద్దలగునట్లు మైకులు మ్రోగించు భజనలలో ఈ మౌనమునకు చోటెక్కడ?

ఒక గృహస్థు ప్రతి సాయంకాలము కీర్తనలు వినుచు, శరీరము తేలికపడినదని తలచి, వైద్యుడిచ్చిన మాత్రలు మానివేసెను. ఈ వ్యాధి పెక్కుమారులు బాధ తెలియనీయదు. లోలోపల గుండెను, మెదడును, మూత్రపిండములను దెబ్బతీయును. కొన్నాళ్ళకు పరీక్షింపగా పై అంకె 180కి చేరియుండెను. భార్య కన్నీరు పెట్టుకొనగా ఆయన, "నామమును నమ్మినవానికి మాత్ర యేలనే?" అనెను. ఆ మాట విన్న పురాణికుడు, "నాయనా! జోల పాడుచున్నారు గదా యని అర్చకులు స్వామికి పాల నివేదనము మానిరా?" అని యడిగెను.

గృహస్థు మారుమాట పలుకలేదు. మరునాడే వైద్యుని దర్శించెను. ఆ రాత్రి భార్య తెచ్చిన మాత్రను మ్రింగి, పిదప పాటకు చెవియొగ్గెను. పాట ముగిసిన తరువాత దీపము తగ్గించి, కొంతసేపు ఊరక కూర్చుండెను.