పాడెడి పసివారు - శిల్పుల తలపు

పాడుచున్న పసివానిని మలచిన కళాకారుడు దేనిని చూపదలచెను? నిర్మలత్వమునా, అనుకరణమునా? ఈ భేదము చిన్నది కాదు. మొదటిదైనచో బాలుడు పెద్దలకు గురువగును. రెండవదైనచో వారికి అద్దమగును.

ఇటలీ దేశమున ఫ్లారెన్సు నగరపు ప్రధాన దేవాలయమునకై లూకా డెల్లా రోబియా అను శిల్పి 1431 నుండి 1438 వఱకు శ్రమించి, పాలరాతితో నొక గానవేదికను నిర్మించెను. దానిపై పది ఫలకములు గలవు. బైబిలులోని నూట యేబదవ కీర్తన లాటిను భాషలో వానిచెంత చెక్కబడినది. బూరలూదువారు, తంత్రులు మీటువారు, తప్పెట కొట్టువారు, తాళములు మ్రోయించువారు, అందఱును పిల్లలే. వీరికి రెక్కలు లేవు! దేవదూతలను చెక్కుట శిల్పికి సులభమే. వీథిలో నాడుకొను పిల్లలవంటి వారినే అతడు కోరెను. చివరి ఫలకమున కొందఱు బాలురు ఒక్క పుస్తకములోనికే తొంగిచూచుచు, ఒకరి భుజముపై నొకరు చేయివైచి పాడుచున్నారు. ఒకని కనుబొమలు ముడివడినవి. స్వరము తప్పునేమో యను జాగరూకత యది. నిర్మలత్వమనగా ఏమియు నెఱుగకుండుట యనుకొనువారు ఆ నొసటిని చూడవలెను.

రెండు శతాబ్దముల పిదప ఉత్తరదేశపు చిత్రకారులు వేఱుదారి పట్టిరి. ముసలివారు పాడినట్లే పిన్నవారు ఊదుదురని వారి సామెత. యాకోబ్ యోర్డాన్స్ 1638లో దీనినే చిత్రించెను. యాన్ స్టేన్ చిత్రమున మఱింత ఎత్తిపొడుపు గలదు. వారి భాషలో పిల్లనగ్రోవి నూదుటకును, పొగ పీల్చుటకును మాట యొక్కటే. కనుక తండ్రి నవ్వుచు కొడుకు నోటికి పొగగొట్టము నందించుచున్నాడు. ఆ తండ్రికి చిత్రకారుడు తన ముఖమునే పెట్టెను. పరులను వెక్కిరించుట ఎవరికైనను తెలియును. ఇట్టి ధైర్యము అరుదు.

ఇచ్చట బాలుని దోషమేమి? ఫ్లారెన్సు బాలుడును ఎవరో తెఱచియిచ్చిన పుస్తకమునే చూచి పాడుచున్నాడు. అందినదానిని సందేహింపక గైకొనుట యిద్దఱికిని సమానమే. నిర్మలత్వమును అనుకరణమును రెండని తలచుటయే పొరపాటేమో.

లూకా మలచిన ఆ వేదికను 1688లో మెదీచి రాకుమారుని వివాహోత్సవమునకై దేవాలయమునుండి తొలగించిరి. అది నేడు అచ్చటి సంగ్రహాలయమున నున్నది.