దేవుని సొమ్ముకు లెక్క

స్వామి సన్నిధిలో కానుక సమర్పించే భక్తుడు సాధారణంగా కన్నులు మూసుకొని సమర్పిస్తాడు. ముడుపు విప్పి హుండీలో వేసిన క్షణాననే అది తనది కాకుండా పోయినది. ఎంత వేసినదీ ఇంటివారికి సైతం చెప్పనివారు ఉన్నారు. చెప్పినచో ఫలం తరిగిపోవునని వారి భయం. ఇట్టి సమర్పణలో ఒక గొప్ప అందం ఉన్నది. కాని పిమ్మట ఆ ద్రవ్యం ఎక్కడికి చేరినది, దేనికి ఖర్చయినది అని విచారించడం భక్తికి లోపమా? ఇచ్చిన చేయి లెక్క అడిగినచో ఇచ్చినదానిని వెనుకకు తీసికొన్నట్లగునా? ఈ సందేహం సద్భక్తులను పలువురిని బాధించేదే. "దేవుని సొమ్ముకు లెక్కలేమిటి? అంతా ఆయనే చూచుకొంటాడు" అనే మాట వారినుండియే తరచుగా వినవస్తుంది. చిత్రమేమనగా, దేవుని సొమ్మును అపహరింపదలచినవాడు చెప్పే మాట కూడ అక్షరాలా అదే.

శ్రీవైష్ణవ సిద్ధాంతంలో భగవంతుడు శేషి, జీవుడు శేషభూతుడు. జీవునికి తనదంటూ ఏదియు లేదు. అంతయు స్వామిదే అయినపుడు ఒక సంచిలోని ధనం మరొక సంచిలోనికి మారినంతమాత్రాన నష్టమేమి అని కొందరు వాదిస్తారు. ఈ వాదం తలక్రిందులుగా నిలిచి ఉన్నది. యజమాని తన సొమ్మును తాను వెచ్చించుకొన్నపుడు ఎవరికిని లెక్క చెప్పనక్కరలేదు. లెక్క చెప్పవలసినవాడు దాసుడు. "ఇది నాది కాదు" అన్నవాని నోట వెనువెంటనే రావలసిన మాట "ఇదిగో లెక్క" అనియే. లెక్క చెప్పనన్నవాడు, తెలిసియో తెలియకయో, తానే యజమానినని చాటుకొంటున్నాడు.

ఇందుకు భరతునికంటె గొప్ప సాక్షి లేడు. పదునాలుగు సంవత్సరాలు పాదుకలకు పట్టం కట్టి, తాను నందిగ్రామంలో జటావల్కలాలతో ఉండి రాజ్యభారాన్ని మోసినాడు. శ్రీరాముడు తిరిగివచ్చిన నాడు ఆ పాదుకలను స్వయంగా అన్నగారి పాదాలకు తొడిగి, వెంటనే అతడు చేసిన విన్నపమేమి? కోశాగారాన్ని, ధాన్యాగారాన్ని, పురాన్ని, సైన్యాన్ని పరిశీలింపుమని; నీ తేజస్సు చేతనే అంతయు పదింతలయినదని. వాల్మీకి మహర్షి యుద్ధకాండ చివర ఈ ఘట్టాన్ని నిలిపినాడు. రాముడు లెక్క అడగలేదు. భరతుని శంకించేవారు అయోధ్యలో ఎవరును లేరు. అయినను భరతుడు చూపినాడు; పెరిగిన దానిని సైతం తన ఖాతాలో వ్రాసుకొనలేదు. ఆడిటరు వచ్చినాడని తెలియగానే తమకేదో అవమానం జరిగినట్లు ముఖం ముడుచుకొనే నేటి ధర్మకర్తలు కొందరు ఈ సర్గను ఒకసారి పారాయణం చేయడం మంచిది.

తిరుమల ఆలయ శాసనాలను పరిశీలించినవారికి లెక్క అనేది అక్కడ కైంకర్యంలో ఒక భాగమని స్పష్టమవుతుంది. విజయనగర ప్రభువుల కాలంలో దాత సమర్పించిన ధనంతో దేవాలయ గ్రామాలలో చెరువులు, కాలువలు బాగుచేయించి, అందువలన పెరిగిన పంటతో నైవేద్యాలు జరిపించేవారు. మూలధనం చెక్కుచెదరకుండ నిలవవలెను. ఫలం మాత్రమే ఖర్చు కావలెను. నేడు ధర్మసంస్థల లెక్కలలో శాశ్వత నిధి అంటున్నది ఇదియే. బియ్యం ఎంత, నెయ్యి ఎంత, పెసరపప్పు ఎంత, ప్రసాదంలో దాతకు చెందే భాగమెంత అనే వివరాలు రాతిపై చెక్కి ఉన్నాయి. అనేక శాసనాల తుదిని శ్రీవైష్ణవుల అనుమతితో ఆలయ గణకుడు తిరునిన్ర ఊరుడైయాన్ వ్రాసినట్లు నమోదై ఉన్నది. రాజు ఇచ్చినను, సామాన్యుడు ఇచ్చినను లెక్క వ్రాసేవాని చేవ్రాలు పడవలసినదే.

అయితే వ్రాసినంత మాత్రాన జరిగినట్లు కాదు. 1014 నుండి 1044 వరకు ఏలిన రాజేంద్ర చోళుని కాలపు శాసనమొకటి ఈ విషయాన్ని కన్నులకు కట్టిస్తుంది. తిరువేంగడముడైయాన్ సన్నిధిలో 24 దీపాలు వెలిగించే బాధ్యతను తిరుముండియం గ్రామసభవారు ధనం తీసికొని అంగీకరించినారు. వాటిలో ఒకటి కర్పూర దీపం. కాలక్రమాన వారు వెలిగిస్తూ వచ్చినవి రెండే. రాజాధికారి తిరుచానూరులో విచారణ జరిపి లోపాన్ని బయటపెట్టినాడు. ఆ ధనాన్ని శ్రీభండారంలో జమచేయించి, ఇకపై ఆలయమే దీపాలను నిర్వహించునట్లు ఏర్పాటు చేసినాడు.

ఇరువది రెండు దీపాలు వెలగకపోయినను స్వామికి చీకటి లేదు. సూర్యచంద్రులు కన్నులుగా గలవానికి కొరత ఏమున్నది? కొరతపడినది దాత సంకల్పం. ఏ తల్లి క్షేమానికో, ఏ బిడ్డ ఆయుస్సుకో అని ఒకడు దీపం పెట్టిస్తాడు. వాని ఊరు దూరం; అది వెలుగుతున్నదో లేదో వానికి కనబడదు. అంగడిలో సరకు తక్కువ తూగినచో కొన్నవాడు అక్కడనే నిలదీస్తాడు. ధర్మసంస్థలో ఇచ్చినవాడు చూడలేడు, పుచ్చుకొన్న దేవుడు పలుకడు. ఇచ్చినవానికిని, ఖర్చు చేసినవానికిని నడుమ ఏ పక్షానికి చెందని మూడవవాడు ఉండవలసిన అవసరం ఇక్కడనే కలుగుతున్నది. కవిలెలో కూడికలు సరిపోయినవా అని చూచి వదలిపెట్టినవాడు సగం పని చేసినట్లే. దీపాలు ఎన్ని వెలుగుతున్నవని అడగడం తక్కిన సగం.

న్యాయశాస్త్రం కూడ ఇదే దృష్టితో నడచినది. అర్చామూర్తికి చట్టం దృష్టిలో వ్యక్తిత్వం ఉన్నదని 1925లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పినది. ఆస్తికి యజమాని స్వామియే. అయితే తానై సంతకం చేయడు, తగవు చెప్పడు. కనుక మైనరు బిడ్డ ఆస్తిని సంరక్షకుడు చూచినట్లు ధర్మకర్త చూడవలెను. లోకాలకు తండ్రియైనవానిని మైనరు అనడం భక్తునికి నవ్వు తెప్పించవచ్చును. యశోద ఇంట పెరిగినవానికి ఇది క్రొత్త కాకపోవచ్చు. తిరుమల పరకామణిలో కానుకలు లెక్కించేవారు జేబులేని పంచెతో లోనికి పోవలెననే నియమం ఉన్నది. 2012 నుండి సామాన్య భక్తులు కూడ ఆ లెక్కింపులో సేవ చేస్తూ వచ్చినారు. నిజాయితీపరునికి ఈ నియమం అవమానమా? వానిపై నింద పడకుండ కాపాడేది కూడ ఆ జేబులేని పంచెయే.

ఇంతవరకు సులభం. దొంగతనం తప్పని ఎవరికి తెలియదు? కఠినమైన ప్రశ్న వేరొకటి. అన్నదానానికి వచ్చిన ధనంతో గోపురం కట్టినచో? పైసా ఎవరి ఇంటికిని పోలేదు. రెండును స్వామి కార్యాలే. సంస్థ లెక్కలు చూచేవాడు ఒక నిధి ధనం వేరొక నిధికి మళ్లినదని ఎఱ్ఱసిరాతో గుర్తుపెడతాడు; ధర్మకర్త నొచ్చుకొంటాడు. "సొంతానికి వాడుకొన్నానా?" అని అడుగుతాడు.

ఈ ప్రశ్నను తెలుగునాట తన జీవితంతోనే అడిగినవాడు కంచెర్ల గోపన్న. 1672 నుండి 1687 వరకు గోల్కొండను ఏలిన అబుల్ హసన్ తానీషా కొలువులో, పాల్వంచ పరగణా తహశీల్దారుగా ఉండి, సర్కారుకు చెందవలసిన శిస్తు సొమ్ముతో భద్రాద్రి రామునికి ఆలయం కట్టించినాడు, నగలు చేయించినాడు. తన కోసం ఒక వరహా దాచుకొన్నట్లు ఏ కథయు చెప్పదు. అయినను అది ఖజానా సొమ్ము. రైతులు చెల్లించినది ఒకందుకు, అతడు వెచ్చించినది మరొకందుకు. చెర తప్పలేదు. భక్తులు ఈ కథలో తానీషాను కఠినాత్ముడంటారు. కాని తన ఖజానాకు రావలసినది రాలేదన్న ప్రభువు మాటలో అసత్యం లేదు. ఆ చెరలో రామదాసు పాడినదని చెప్పే "ఇక్ష్వాకు కులతిలక" కీర్తన వినినవారికి ఒక విశేషం తోచవలెను. ప్రాకారానికి ఎంత, భరతునికి చేయించిన పచ్చల పతకానికి ఎంత అని ఒక్కొక్క వస్తువును, దానికి పట్టిన వరహాలను అతడు స్వామి ముందు వరుసగా ఏకరువు పెట్టినాడు. ఏడుపు, అలుక, నిష్ఠూరం అన్నియు అందులో ఉన్నాయి. వాటి అడుగున ఉన్నది మాత్రం ఖర్చుల పట్టిక. లెక్కను అతడు దాచలేదు. చెప్పవలసిన చోట ముందుగా చెప్పలేదు, అంతే.

తరువాతి కథ సంప్రదాయం చెప్పేది. రామలక్ష్మణులు ఆ రాత్రి కారాగారపు తలుపులు పగులగొట్టలేదు. దైవకార్యానికి అయిన ఖర్చు కనుక మన్నింపుమని తానీషాను అడుగలేదు. రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో అర్ధరాత్రివేళ అతని శయనమందిరానికి పోయి, బాకీ ఆరు లక్షల వరహాలను రాశిగా పోసి, చెల్లినట్లు రసీదు వ్రాయించుకొన్నారు. ఆ రసీదును తెచ్చి, చెరలో నిద్రిస్తున్న రామదాసు తలక్రింద ఉంచి వెళ్లినారు.