తెల్లని పప్పు, నల్లని వేళ్లు

వనస్థలిపురం దుకాణములలో జీడిపప్పు తెల్లగా, పాయసమునకు సిద్ధముగా కనబడును. 16వ శతాబ్దమున పోర్చుగీసువారు బ్రెజిలునుండి తెచ్చిన చెట్టు ఇది. దాని గింజ పెంకులో చర్మమును కాల్చు జీడినూనె యున్నది. పచ్చి గింజను కొరికినవాని పెదవులు బొబ్బలెక్కును.

అందుచేత శ్రీకాకుళం జిల్లా పలాసవంటి చోట్ల గింజలను కాల్చియో ఆవిరిపట్టియో పెంకు కొట్టి పప్పు తీయుదురు. కాల్చునప్పటి పొగ కన్నులను మండించును. పెంకు కొట్టువారిలో స్త్రీలే ఎక్కువ. చేతులకు బూడిదయో నూనెయో పూసికొన్నను వేళ్లు నల్లబడి పొక్కును.

ఇట్లు సిద్ధమైన పప్పు తినుట క్షేమమే. అయితే ఎవరికి క్షేమము? దావీదు బేత్లెహేము బావి నీళ్లకు ఆశపడగా ముగ్గురు ప్రాణములకు తెగించి తెచ్చిరి. అతడు త్రాగక పారబోసెను (2 సమూయేలు 23). మనమును అట్లే చేయవలెనా? మేమట్లు చెప్పము. ఆ ముగ్గురు కూలికి వెళ్లినవారు కారు. మనము కొనుట మానినచో ఈ స్త్రీల పొయ్యి ఆరిపోవును. అట్లని ఏమియు ఎరుగనట్లు తినుటయు న్యాయము కాదు. చేతులకు తొడుగులు, పొగ పోవుటకు గొట్టము, తగిన కూలి — వీటివలన ధర కొంత పెరిగినయెడల, క్రిస్మసు కేకునకు పప్పు కొను మనము బేరమాడక ఇత్తుమా?