ఆట నడుపువాని ధర్మము

మా రాయలసీమ పల్లెలలో రచ్చబండలమీదను, గుడి మండపముల బండలమీదను చెక్కిన పులిజూదపు గీతలు కానవచ్చుచుండును. ఒకవైపు 3 పులులు, ఒకవైపు 15 మేకలు. పులి మేకపైనుండి దుమికి దానిని చంపును. మేక చంపజాలదు, పులులకు కదలుటకు చోటులేకుండ చుట్టుముట్టుటయే దాని గెలుపు. ఇరువురి బలములు సమానములు కావు. అయినను ఈ యాట అన్యాయమని యెవ్వరును మొరపెట్టుకొని యెరుగము. ఏలయన, గీతలు అందరికిని కనబడుచున్నవి. పులి యేమి చేయగలదో మేకలను నడుపువానికి ముందే తెలియును. కావున న్యాయమనగా బలసామ్యము కాదని మొదటనే గ్రహింపవలెను.

ఇక గీతలు కనబడని యాట యొకటి కలదు. అందొకడు సూత్రధారుడు. అడవిని, కోటను, దొంగలను, భూతములను అతడే కల్పించి చెప్పును. తక్కినవారు తలకొక పాత్రను వహించి, "నేను గోడ నెక్కుదును", "నేను కావలివానితో మాటలాడుదును" అందురు. పని నెరవేరునో లేదో సందేహము కలిగినచోట పాచిక వేయుదురు. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ప్రకటించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఈ జాతి యాటలలో మొదటిదని ప్రసిద్ధి. సూత్రధారుని పదవి మాత్రము అంతకంటె పాతది. 1824లో ప్రష్యా సేనలోని రైస్విట్స్ అను నుద్యోగి ప్రచురించిన యుద్ధక్రీడలో ఇరుపక్షముల నడుమ నొక మధ్యస్థుడుండెను; ఒక పక్షమునకు కనబడని శత్రువును దాచి యుంచి, ఫలితమును పాచికలతోను పట్టికలతోను అతడు నిర్ణయించెడివాడు. 1876లో ఫెర్డి ద్యు వెర్నువా అను సేనాని పట్టికలు వలదనియు, మధ్యస్థుని యనుభవమే చాలుననియు వాదించెను. నాటినుండి నేటివరకు ప్రశ్న యొక్కటియే: నడుపువాని చిత్తమునకు కట్టుబాటుండవలెనా, వలదా?

ఈ ప్రశ్న మాకు పుస్తకములలో పుట్టినది కాదు. కొన్ని యేండ్ల క్రిందట వేసవి సెలవులలో కలకడలోని మా యింటి యరుగుమీద అయిదుగురు పిల్లలకు మేమీ యాట నడిపితిమి. కథ జరుగుచోటు వారెరిగిన గుర్రంకొండ కోట. శబ్దరత్నాకరమును నిలువుగా నిలిపి, దాని చాటున పాచిక వేసి, పడిన సంఖ్యను మేమే చెప్పుచుంటిమి. పిల్లలలో నొకడు చదువునను ఆటలను వెనుకబడినవాడు. వాని పాత్ర రాత్రివేళ కోటగోడ దిగుచుండగా 20 ముఖముల పాచికపై 2 పడెను. లెక్కప్రకారము వాడు జారిపడి పట్టుబడవలెను. మాకు జాలి కలిగి 17 అంటిమి. పిల్లలు చప్పట్లు కొట్టిరి. వాడా వారమంతయు గోడ దిగిన కథను వీథిలో చెప్పుకొనెను. మా దయాగుణమునకు మేమే సంతసించితిమి.

మరుసటి వారము మా మోచేయి తగిలి నిఘంటువు వాలిపోయెను. పాచికపై నున్నది 5. మేము చెప్పినది 15. వాడు కొంతసేపు ఊరకుండి, "అయ్యవారూ, అట్లయితే ఆ పొద్దు నేను గోడ దిగింది గూడా మీరు దించిందేనా?" అని యడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి. వాడు ఆట మానలేదు. కాని యటుపిమ్మట పాచిక పడునప్పుడు మా వంక చూచుట మానెను.

మా చర్యను సమర్థించు వాదము లేకపోలేదు. ఆట వినోదమునకు గదా. మూడు గంటలు అల్లిన కథ ఒక్క పాచికపాటున చెడిపోవుచుండగా ఊరక చూచుట మూర్ఖత కాదా? పాచికకు కరుణ లేదు, మనుష్యునకు కలదు. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. అయితే కరుణకు చాటు కావలెననుకొనుటయే ఇందలి పొరపాటు. వాడు పడుట మాకిష్టము లేనిచో, పాచిక వేయకయే "దిగితివి" అని యుండవచ్చును. వేయుటకు ముందే గోడకొక ఊడను వ్రేలాడదీయవచ్చును. వేసినపిమ్మట ఫలితము మరీ కఠినమని తోచినచో, "దీనిని విడిచిపెట్టుదమా?" యని యందరి నడుగవచ్చును. ఇవియు దయలే. ఎదుట చేసిన దయను పుచ్చుకొనువాడు వలదనవచ్చును; చాటున చేసిన దయను వలదనుటకు వానికి వీలులేదు. మరియు, జాలితో 2ను 17 చేసిన చేయి కోపము వచ్చిననాడు 17ను 2 చేయదని వానికేమి నమ్మకము? మా చాటుదయ వాని యోటమి నొక్కదానిని తప్పించి, వాని గెలుపుల నన్నింటిని హరించెను.

దాచుట వేరు, మార్చుట వేరు. దొంగ యే బురుజున నున్నాడో దాచుట సూత్రధారుని పనియే. బాలుడు బాగుగా నాలోచించి వేరొక బురుజున కేగినపిమ్మట, దొంగను గూడ నచ్చటికి చేర్చుట మాత్రము మోసము. మన అవధానసభలీ ధర్మము నెరుగును. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అవధానికి అడ్డుతగులుటకే కూర్చుండును; ఐనను అతనిని శత్రువని యెవ్వరు ననరు. నిషేధము ముందు, అక్షరము తరువాత. ఆ వరుసకు సభ సాక్షి. కౌరవసభలో దీనికి విరుద్ధము జరిగెను. పెద్దరికము వహించి కూర్చున్న ధృతరాష్ట్రుడు గెలిచితిమా, గెలిచితిమా యని యాత్రముతో నడిగెనని భారతము చెప్పుచున్నది. మధ్యస్థుడే పక్షము వహించినచోట పాచికలు మంచివైనను న్యాయము దొరకదు.

ఆడువారికిని ధర్మము కలదు. తమ పాచికను తాము దాచరాదు. ప్రతి తీర్పునకును తగవులాడి కథను నిలుపరాదు. తీర్పు తప్పని తోచినచో ఆట ముగిసినపిమ్మట అడుగవలెను. అడిగినవానికి కారణము చెప్పుట సూత్రధారుని ఋణము.

బడిలో ప్రశ్న నిచ్చువారమును, జవాబు దిద్దువారమును మేమే. ఇంట తండ్రియు, ఊర పెద్దయు నిట్టివారే. "నీ మేలు కోరియే దాచితిని" అను మాట మా యందరి నోటను తరచుగా వచ్చుచుండును. మేలు కోరుట నిజమే కావచ్చును. కాని యెదుటివాడు తన యోటమిని తానే మోయగలడని నమ్మకపోవుట కూడ ఆ మాటలో నున్నది.

ఆ వేసవి చివర మేము పిల్లలయెదుట తప్పొప్పుకొని, నిఘంటువును లోపల పెట్టి, పాచికను వారి నడుమ నుంచితిమి. ఆ బాలుడే వేసెను. 3 పడెను, వాని పాత్ర కోటలోని బావిలో పడెను. వాడు పకపక నవ్వి, "ఈ తూరి పడింది నేనే, అయ్యవారూ!" అనెను.