ఉత్సర్గం చేసిన నీరు ఎవరిది?

చెరువు తవ్వించినవాడికి ఆ నీటిమీద హక్కు ఉంటుందా? ధర్మశాస్త్రకారులు ఈ ప్రశ్నను తేలిగ్గా వదిలేయలేదు. దానం వేరు, ఉత్సర్గం వేరు అన్నారు. దానానికి ఇచ్చేవాడితో పాటు పుచ్చుకునేవాడూ కావాలి. అతను స్వీకరిస్తేనే దానం పూర్తయినట్టు. ఉత్సర్గంలో పుచ్చుకునేవాడంటూ ఎవరూ ఉండరు. చెరువో బావో తోటో పూర్తయ్యాక, కర్త సంకల్పం చెప్పి ‘నాది’ అన్న మాటను వదులుకుంటాడు. నీరు సమస్త ప్రాణులదీ అవుతుంది. ఆ తర్వాత ఆ నీటిని కర్త కూడా తాగవచ్చు, కాకపోతే ఆ సమస్త ప్రాణుల్లో ఒకడిగా మాత్రమే తాగాలి.

ఇంత ఉదాత్తమైన ఆలోచన ఒక చిక్కును వెంటబెట్టుకుని వచ్చింది. నీరు అందరిదీ అయింది, బాగానే ఉంది. తూము మూసేదెవరు? పూడిక తీసేదెవరు? నీరు చాలని ఏడాది ఎవరి మడి తడపాలో, ఎవరి మడి ఎండబెట్టాలో చెప్పేదెవరు? ప్రభుత్వ కాలువల యాజమాన్యంలో రైతులకు పాలు ఉండాలన్న నేటి వాదానికి మూలం ఇక్కడే ఉంది. దాన్ని పరిపాలనా సంస్కరణగా మాత్రమే చూస్తే సగమే కనబడుతుంది. హక్కు ఎక్కడ పుడుతుంది, బాధ్యత దేనివల్ల అంటుకుంటుంది అన్నది తెలుగునేల చాలాకాలంగా మోస్తున్న ధర్మసందేహం.

ధర్మశాస్త్రాలు పుణ్యకార్యాలను రెండుగా విడదీశాయి. యజ్ఞయాగాదులు ఇష్టం, చెరువులు, బావులు, గుళ్లు, అన్నదానాలు పూర్తం. ఇష్టానికి అధికారం కొందరికే. పూర్తధర్మానికి శూద్రులూ అధికారులేనని స్మృతులు ఒప్పుకున్నాయి. చెరువు పుణ్యానికి అంత విశాలమైన గుమ్మం ఉండేది. తెలుగు కవులు పదేపదే తలచుకున్న సప్తసంతానాల్లో కొడుకుతో పాటు తటాకానికీ చోటు దక్కింది. కాకతీయుల కాలంలో పాకాల, రామప్ప, లక్నవరం లాంటి చెరువుల వెనక రాజ్యం ఆదాయం ఎంత ఉందో ఈ పుణ్యకాంక్షా అంతే ఉంది. అయితే పుణ్యం ప్రధానంగా కట్టించినవాడి ఖాతాలో పడేది. పాడైన బావినో చెరువునో బాగుచేసినవాడికి మొదటి కర్తతో సమానమైన ఫలం దక్కుతుందని విష్ణుస్మృతి చెప్పింది నిజమే. ఆ మాట బాగుచేయించే దాతను ఉద్దేశించింది. ఏటా తట్టలతో మట్టి మోసి కట్ట ఎత్తు నిలబెట్టే మనిషికి అందులో చోటు వెతకడం కష్టం.

కడప జిల్లా పోరుమామిళ్ల శాసనంలో ఈ వెలితి స్పష్టంగా కనిపిస్తుంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, అంటే భవదూరుడు, 1369లో వేయించిన శాసనమది. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క చెబుతుంది. మంచి చెరువుకు కావలసిన 12 సాధనాలను, 6 దోషాలను వరసగా పేర్కొంటుంది. ధర్మపరుడూ ధనవంతుడూ అయిన రాజు, జలశాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, తియ్యటి నీరు పారే ఏరు, మరీ పొడవు కాని దృఢమైన కట్ట, దగ్గర్లో రాతిగని, నిర్మాణంలో ఆరితేరిన పనివాళ్లు, ఇలా సాగుతుంది సాధనాల జాబితా. దోషాల్లో చవిటినేల, కట్టలోంచి నీరు ఊరడం, నీరు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం ఉన్నాయి. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండటం కూడా ఒక దోషమే. ఆరున్నర శతాబ్దాల తర్వాత కృష్ణానది మీద రెండు తెలుగు రాష్ట్రాల వివాదం చూసినవారికి ఈ ఒక్క దోషం చాలు, శాసనకర్తల లోకజ్ఞానానికి చేతులెత్తి మొక్కడానికి. ఇంత చూసినవారు కూడా ఆ 12 సాధనాల్లో నీరు పంచే మనిషిని చేర్చలేదు. కట్టే చేతులు లెక్కకొచ్చాయి, పంచే చేతులు రాలేదు.

పుణ్యం మాట పక్కనపెట్టి పని లెక్క చూసినవాడు కౌటిల్యుడు. పదిమంది కలిసి సేతువు, అంటే నీటికి కట్ట, కడుతుంటే తప్పుకున్నవాడు తన పనివాళ్లనూ ఎద్దులనూ పంపాలి, ఖర్చులో పాలు భరించాలి, ఫలంలో మాత్రం అతనికి వాటా లేదంటాడు. కొత్త చెరువు కట్టినవారికి 5 ఏళ్లు, పాడైనదాన్ని బాగుచేసినవారికి 4 ఏళ్లు పన్ను మినహాయింపు ఇమ్మంటాడు. ఆపద లేకుండా 5 ఏళ్లు వాడకుండా వదిలేసిన చెరువుమీద యాజమాన్యమే పోతుందంటాడు. ఇక్కడ హక్కు సంకల్పంలో పుట్టడంలేదు. ఒళ్లు వంచిన చోట పుడుతోంది, వాడుకలో నిలబడుతోంది.

ఊళ్లలో నిజంగా నడిచిన పద్ధతి ధర్మశాస్త్రాల సంకల్పానికీ కౌటిల్యుడి పని లెక్కకూ నడుమ ఉండేది. రాయలసీమలో చెరువు కట్టినవారికో మరమ్మతు చూసేవారికో దశబంధం అనే ఇనాము భూమి ఉండేది, నీరు పంచడానికి నీరుగంటి ఉండేవాడు. తెలంగాణలో అతన్నే నీరటి అంటారు. తూము తెరవడం, మూయడం, వంతుల ప్రకారం మళ్లకు నీళ్లు వదలడం, వానాకాలం రాత్రుళ్లు కట్ట మీద కాపలా తిరగడం అతని పని. కల్లం దగ్గర అతనికి ధాన్యంలో మేర కొలిచి పెట్టేవారు. యాసంగి ముందు ఊరు కట్టమీద కూడేది. చెరువులో ఎంత నీరుంది, ఎన్ని ఎకరాలు పండుతుంది అని తేల్చుకుని, అంతమేరకే నాటు వేయాలని, అందులో ఎవరికెంత అని ఖరారు చేసుకునేది. దీన్నే తైబందీ అన్నారు. పదెకరాల ఆసామీకి రెండెకరాలు పారితే ఎకరం రైతుకు ఎనిమిది గుంటలు పారుతుంది. కరువును కూడా వాటాలు వేసుకోవడమన్నమాట. నీటి ధర్మం గురించి తెలుగువారు చేసిన లోతైన ఆలోచన గ్రంథాల్లో కంటే ఈ తైబందీలో ఎక్కువ ఉంది.

ఆ ధర్మం ఎంత సన్నని దారం మీద నిలుస్తుందో ఏ యాసంగి రాత్రయినా చెబుతుంది. పన్నెండు దాటాక పిల్లకాలువ గట్టున టార్చిలైటు ఒకటి కదులుతూ ఉంటుంది. వంతు వచ్చిన రైతు పారతో రెండు పెళ్లలు తీసి తన మడవ తెరుస్తాడు. గడ్డీ మట్టీ వేసి కాలువకు అడ్డం కడతాడు. తర్వాత నీళ్లలో నిలబడి ఉంటాడు. ఎగువన ఎవరైనా దొంగచాటుగా మడవ తీస్తే ముందు తెలిసేది ఆ కాళ్లకే. పిక్కల దాకా ఉన్న నీరు చీలమండకు దిగుతుంది. అప్పుడు గట్టున నడుచుకుంటూ పైకి వెళ్లాలా, వెళితే పార ఎత్తాలా, తెల్లారేదాకా ఆగి పెద్దమనుషుల దగ్గర చెప్పుకోవాలా అన్నది అతను ఆ చీకట్లో ఒక్కడే తేల్చుకోవాలి. నీటి సంఘాల మీద ఎన్ని మాటలు చెప్పుకున్నా చివరికి ఇక్కడికే రావాలి. చివరి మడి రైతుకు తెల్లారాక న్యాయం దొరుకుతుందన్న నమ్మకం ఉంటేనే ఆ పార కిందే ఉంటుంది.

పాత పద్ధతిని ఆకాశానికి ఎత్తడమూ సరికాదు. చాలా ఊళ్లలో నీరటి పని దళిత కుటుంబాలది. ఊరి పొలాలన్నిటికీ నీరు పంచిన మనిషిని ఊరి బావిలో చేద వేయనివ్వలేదు. ఆయకట్టులో అతనికి సొంత సాగు తక్కువ కాబట్టే పక్షపాతం లేకుండా పంచేవాడని మెచ్చుకునేవారున్నారు. ఆ మెప్పులో నిజముంది. భూమి ఇవ్వకుండా ఉంచి నిష్పక్షపాతిని చేయడంలోని అన్యాయమూ అంతే నిజం. ‘సమస్త ప్రాణులకు’ అని వదిలిన నీరు గట్టు దిగేసరికి కులం చూసుకుని పారింది.

కంపెనీ పాలనలో బాధ్యత, హక్కు రెండు ముక్కలయ్యాయి. రైతులు ఏటా తమంతట తాము చేసుకునే కట్ట పనులను కుడిమరామత్తు అనేవారు. నీటి వనరులు సర్కారు చేతికి వెళ్లాయి, శిస్తు సర్కారుకు వెళ్లింది, మట్టిపని మాత్రం ఊరిమీదే ఉండిపోయింది. జనం ఆ పనికి వెనకాడటం మొదలుపెట్టాక 1858లో మద్రాసు ప్రభుత్వం నిర్బంధ శ్రమ చట్టం తెచ్చింది. నిన్నటిదాకా ధర్మం అనిపించుకున్న పని రాత్రికి రాత్రి వెట్టి అయింది. పని అదే, పార అదే. నిర్ణయంలో చోటు పోయింది. స్వాతంత్ర్యం తర్వాత ఈ చీలిక ఇంకా పెద్దదైంది. భారీ ఆనకట్టలను నెహ్రూ ఆధునిక దేవాలయాలతో పోల్చారు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. ఆ ప్రాజెక్టు లక్షల ఎకరాలకు బువ్వ పెట్టింది, అందులో సందేహం లేదు. పోలిక మాత్రం అనుకున్నదానికంటే ఎక్కువ నిజమైంది. శిలాఫలకం మీద కర్త పేరు ఉంటుంది, భక్తుడు ప్రసాదం కోసం వరసలో నిలబడతాడు.

దీన్ని సరిచేయడానికి వచ్చినదే 1997 నాటి ఆంధ్రప్రదేశ్ రైతుల సాగునీటి వ్యవస్థల యాజమాన్య చట్టం. దేశంలో ఒక రాష్ట్రం మొత్తానికి ఒకేసారి ఇంత విస్తృతంగా ఈ పని చేయడం అదే మొదలు. ఆ ఏడాది జూన్‌లో 10,292 నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. వారబందీ, అంటే నీటి వంతుల పట్టిక, తయారుచేయడం, కాలువ మరమ్మతులు, తగాదాలు తీర్చడం సంఘాల బాధ్యత అయింది. దాదాపు అదే సమయంలో నీటితీరువా సుమారు మూడింతలైంది. తొలి ఏళ్లలో ఏళ్ల తరబడి పూడుకుపోయిన కాలువలు బాగయ్యాయి, నీరు మరచిపోయిన చివరి భూములకు కొన్నిచోట్ల నీరు చేరింది. తర్వాత నిధుల దారి సన్నగిల్లింది, ఎన్నికలు వాయిదాలు పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ 2024 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి.

దానానికీ ఉత్సర్గానికీ చేసిన పాత తేడా ఇక్కడ పనికొస్తుంది. ప్రభుత్వం సంఘాలకు అప్పగించింది దానమా, ఉత్సర్గమా? ఉత్సర్గమైతే కర్త తన పట్టు వదలాలి. జలాశయం గేటు ఎప్పుడు ఎత్తాలి, ఏ కాలువకు ఎంత వదలాలి అన్న మాట ఇంజనీర్ల చేతిలో, వారి పైవారి చేతిలో ఉండిపోయింది. దానమైతే పుచ్చుకునేవాడు తెలిసి స్వీకరించాలి. 1997లో సంఘాలు రైతులు అడిగితే పుట్టినవి కావు, ఒక ఉత్తర్వుతో వేలల్లో పుట్టినవి. చాలాచోట్ల అధ్యక్షుడికి దక్కింది మరమ్మతు పనుల కాంట్రాక్టే. నిజానికి ఇవ్వవలసినది మట్టిపని కాదు. కొరత ఏడాదిలో ఎవరికెంత అని తేల్చే అధికారం. తైబందీ కూర్చున్న ఊరికి ఉన్నది అదే. సమృద్ధిలో నీటికి యజమాని అక్కరలేదు. కొరతను పంచుకునేవారే దాని అసలు యజమానులు. ఆ అధికారం లేకుండా వచ్చిన బాధ్యత 1858 నాటి చట్టానికి మర్యాదస్తుడైన తమ్ముడవుతుంది.

మతం నీటి పంపకం దాకా వెళ్తే ఎలా ఉంటుందో బాలీ ద్వీపం చూపిస్తుంది. అక్కడి రైతుల నీటి సంఘాలు సుబాక్‌లు. ఎప్పుడు నీరు వదలాలి, ఎప్పుడు పొలాలు బీడు ఉంచాలి అన్నది జలదేవాలయాల పరిధిలో ఒక లోయలోని సుబాక్‌లన్నీ కలిసి నిర్ణయించుకుంటాయి. బాతూర్ సరస్సు దేవత గుడి వాటికి శిఖరం. ఎగువ రైతు దిగువవాడికి నీరు ఎందుకు వదలాలి? ఇద్దరూ ఒకేసారి బీడు పెడితేనే పురుగు చస్తుంది. 1970లలో హరితవిప్లవం పేరుతో ఎవరికి వారు ఎడతెరిపి లేకుండా నాటినప్పుడు పురుగు విజృంభించి ఈ సంగతి అందరికీ తెలిసొచ్చింది. తెలుగు ఊళ్లలో కట్ట మైసమ్మ ఉంది, ఆమెకు బోనం ఉంది. బుక్కరాయసముద్రం కట్ట నిలవడానికి ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ ఉంది, దాన్ని కట్టమంచి రామలింగారెడ్డి కావ్యం చేశారు. దైవం కట్టను కాచింది. తూము కింది వంతుల్లోకి మాత్రం అంతగా దిగలేదు.

సంఘంలో ఎవరుండాలన్నది మరో ముడి. చట్టం ఓటును భూమికి ముడివేసింది. రికార్డుకెక్కిన కౌలుదారుకు ఓటుంది, కానీ కౌలు ఎక్కువగా నోటిమాట మీదే నడుస్తుంది. నాటు వేసేది, కలుపు తీసేది ఆడవాళ్లు, పట్టా మాత్రం ఎక్కువ ఇళ్లలో మగవారి పేరున ఉంటుంది. చెరువులో చేపలు పట్టే ముదిరాజులు, బెస్తలు, రేవు పెట్టుకున్న చాకలివారు, ఎండాకాలం గొర్రెలను నీటికి తోలుకొచ్చే గొల్లవారు నీరు అడుగంటితే రైతు కంటే ముందు నష్టపోతారు. ఉత్సర్గ సంకల్పంలో వీరందరికీ, ఆ గొర్రెలకూ చోటుంది. ఓటర్ల జాబితా దాని ముందు చాలా ఇరుకు. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువు మట్టిని రైతులు సొంత ఖర్చుతో ట్రాక్టర్ల మీద పొలాలకు తోలుకున్నారు. ఓటు, రసీదు లేకుండానే చెరువుకూ చేనుకూ పాత చుట్టరికం మళ్లీ కలిసింది.

ఇప్పుడు ఆ చుట్టరికానికి గండి పడుతున్నది బోరుతో. కట్ట కింద బోరు వేసుకున్న రైతు తైబందీకి రానక్కరలేదు. వంతు కోసం రాత్రి మేలుకోనక్కరలేదు. బోరులో ఊరేది చెరువు నీరే అయినా, భూమి ఎవరిదో అడుగునీరూ వారిదే అన్నది బ్రిటిష్ కాలం నుంచి వస్తున్న న్యాయభావన. ఒకడు సమస్త ప్రాణులకు వదిలిన నీటిని మరొకడు మీట నొక్కి మళ్లీ ‘నాది’ చేసుకుంటున్నాడు. దీనికి జవాబు వెతికిన ప్రయత్నాల్లో 2003 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 7 కరువు జిల్లాల్లో నడిచిన రైతుల భూగర్భజల యాజమాన్య పథకం ఒకటి. అందులో ఎవరి బోరునూ ఎవరూ మూయించలేదు. ఊరి రైతులు, వారిలో ఆడవాళ్లూ ఉన్నారు, పదిహేను రోజులకొకసారి బోర్లలో కొలత తాడు దించి నీటిమట్టం రాసుకున్నారు, వాన కొలిచారు. రబీకి ముందు కూర్చుని, ఉన్న నీరెంత, వేయాలనుకున్న పంటలకు కావలసినదెంత అని లెక్క తీసి ఊరందరికీ కనబడేలా గోడమీద రాశారు. ఏ పంట వేయాలన్నది ఎవరిష్టం వారిదే.