దూరపు ఎడారి, ఇంటిపక్క గడ్డిబీడు

సంక్రాంతి సెలవుల్లో వ్యాను మాట్లాడుకొని, పిల్లాపాపలతో రాజస్థాన్ ఎడారి చూసి రావాలని మీలో కొందరికి ఉండవచ్చు. మంచి కోరికే. డీజిలు ఖర్చు, రాత్రి బసలు, మంచినీళ్ళ డబ్బాలు, అదనపు టైరు, అన్నీ లెక్క వేసుకుంటారు. ఆ లెక్కలో ఒక ప్రశ్న కూడా చేర్చుకోండి: చూడబోతున్నదాన్ని కాపాడడంలో మన పాలు ఎంత?

జైసల్మేరు ఎడారిలో పిల్లలకు చూపించదగిన వాటిలో బట్టమేక పక్షి ఒకటి. ఈ జాతిలో ఇప్పుడు మిగిలినవి సుమారు 150 మాత్రమే. వాటిలో ఎక్కువ భాగం అక్కడే ఉన్నాయి. కాని ఒకప్పుడు ఈ పక్షి మన పొరుగునే ఉండేది. జూపాడు బంగ్లా వారికి రోళ్ళపాడు ఎంత దూరం? అక్కడి గడ్డిబీళ్ళలో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు 1980లలో దీనిని పరిశీలించారు. దీని కోసమే 1988లో సుమారు 6 చదరపు కిలోమీటర్ల బీడును అభయారణ్యంగా ప్రకటించారు. నేడు అక్కడ దాని జాడ దాదాపు లేదు.

తప్పెవరిది? తొందరపడి రైతును నిందించకండి. కాలువ నీళ్ళొస్తే బీడు దున్నుకోవడం పాపమా? కృష్ణజింకలు రాత్రికి రాత్రే పైరు మేసిపోతే ఆ ఇంటి కన్నీరు ఎవరు తుడిచారు? పక్షిని చూడడానికి పట్నం నుంచి వచ్చినవారు చూసి వెళ్ళిపోయారు. నష్టం మాత్రం రైతుకు మిగిలింది. అందరూ కలిసి మోయవలసిన బరువును కొందరి భుజాల మీదే పెట్టాం. అసలు అన్యాయం అదే.

ఆదిలో దేవుడు మనిషిని తోటలో ఉంచినది దానిని సాగు చేయడానికి, కాపాడడానికి కూడా. మొదటి పని రైతుకు వదిలేశాం. రెండవది అటవీశాఖకు వదిలేశాం. మనకు మిగిలింది చూసి రావడం ఒక్కటేనా?

అందుచేత ఎడారి ప్రయాణానికి ముందు ఒక సాయంత్రం పిల్లలను రోళ్ళపాడు తీసుకువెళ్ళండి. పక్షి కనబడదు. ఎందుకు కనబడదో దాచకుండా చెప్పండి. పొలం గట్టున రైతు కనబడితే నిలబడి ఆయన బాధ వినండి.

తర్వాత ఎడారికి తప్పక వెళ్ళండి. అక్కడ వ్యానును బాట దిగనీయకండి. బట్టమేక గూడు కట్టదు. సాధారణంగా ఏడాదికి ఒకే ఒక్క గుడ్డును వట్టి నేల మీద పెడుతుంది. సరదాగా ఇసుకలో తిప్పిన ఒక్క చక్రం చాలు, ఒక తరం పోవడానికి. పల్లెల్లో ఆడవారు దూరం నుంచి మోసుకొచ్చిన నీళ్ళు మీకు ఇస్తే, చుక్క పారబోయకండి.

ఇంటి దగ్గర పోగొట్టుకున్నదాన్ని పరాయి ఊరివారు ఇంకా మన కోసం నిలిపి ఉంచారు. వారి గుమ్మంలోకి డబ్బు చెల్లించిన యాత్రికుల్లా కాక, బాకీపడినవారిలా అడుగుపెట్టండి. పిల్లలు చూసి నేర్చుకునేది ఆ నడతనే.