పదవి ఒక అమానత్: విద్యార్థి నాయకుని లక్ష్యాలు ఎలా ఉండాలి?

పదవి చిన్నదా, పెద్దదా అన్నది మనుషులు వేసుకునే లెక్క. ఆ పదవి కింద ఎవరెవరి హక్కులు ఉన్నాయి, అవి వారికి చేరాయా లేదా అన్నది అల్లాహ్ సన్నిధిలో జరిగే లెక్క. రాజ్యం ఏలినవాడికైనా, హాస్టల్ మెస్సు ఖాతా రాసినవాడికైనా అక్కడ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. అందుచేత విద్యార్థి సంఘం పదవిని కుర్రాళ్ల సరదా అనుకొని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు.

ఈ విషయం మీద రాయాలన్న ఆలోచన మాకు ఒక యువకుని వల్ల కలిగింది. అతను ఒక విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాలలో మూడో సంవత్సరం చదువుతున్నాడు. ఆ ఏడాది విద్యార్థి మండలి కార్యదర్శిగా ఎంపికయ్యాడు. ఒకరోజు ఇషా నమాజు తర్వాత మా పక్కన కూర్చొని జేబులోంచి ఒక కాగితం తీశాడు. "మౌలానా సాబ్, ఈ సంవత్సరం చేయాలనుకున్న పనులు రాసుకున్నాను. ఒకసారి చూడండి, దుఆ కూడా చేయండి" అన్నాడు.

ఆ కాగితంలో పన్నెండు లక్ష్యాలున్నాయి. పెద్ద ఎత్తున సాంకేతిక ఉత్సవం, పేరున్న కంపెనీలను క్యాంపస్‌కు రప్పించడం, ఫీజుల తగ్గింపు, కొత్త క్రికెట్ పిచ్, క్యాంటీన్ కాంట్రాక్టరు మార్పు, ప్రతి బ్రాంచికీ ఒక విజ్ఞాన యాత్ర... ఇలా సాగింది ఆ జాబితా. ఏదీ చెడ్డది కాదు. మేము అంతా చదివి ఒకే మాట అడిగాం: "బేటా, నీ పేరు ఎవరికీ తెలియకపోయినా నువ్వు తప్పక చేసే పని వీటిలో ఏది?"

అతను కాగితం వంకే చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. ఈ వ్యాసం ఆ మౌనం నుంచి మొదలైంది.

హామీ వేరు, లక్ష్యం వేరు

ముందుగా ఒక తేడా గ్రహించాలి. మనసులో పుట్టేది కోరిక. ఓటు కోసం చెప్పేది హామీ. చేతిలో ఉన్న శక్తిని కొలుచుకొని, దాన్ని ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకోవడం లక్ష్యం. విద్యార్థి మండలి చేతిలో ఉన్న శక్తి ఎంత? ఫీజు నిర్ణయించే అధికారం దానికి లేదు. పరీక్షా ఫలితాలు దాని చేతిలో లేవు. కంపెనీ ఎవరికి ఉద్యోగం ఇవ్వాలో అది చెప్పలేదు. అలాంటప్పుడు "ఫీజు తగ్గిస్తాను" అని చెప్పడం లక్ష్యం కాదు. చేయలేనని తెలిసీ చెప్పినట్లయితే అది అబద్ధం అవుతుంది. "ఫీజు రీయింబర్స్‌మెంటు ఆలస్యమైన కారణంగా ఏ విద్యార్థికీ హాల్ టికెట్టు ఆగకుండా ప్రిన్సిపాల్ దగ్గరికి నేనే స్వయంగా వెళ్లి మాట్లాడతాను" అంటే అది లక్ష్యం. మొదటిదానిలో గొంతు పెద్దది. రెండోదానిలో బాధ్యత పెద్దది.

శక్తి తక్కువే అయినా శూన్యం మాత్రం కాదు. ఆఫీసు గది తలుపు తట్టే అవకాశం ఉంది. కొంత నిధి ఉంది. కొన్ని కమిటీల్లో కుర్చీ ఉంది. ర్యాగింగ్ నిరోధానికి యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి విద్యాసంస్థలోని కమిటీలో కొత్త విద్యార్థులకూ, సీనియర్లకూ ప్రాతినిధ్యం ఉండాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అయితే ర్యాగింగ్‌ను నిషేధిస్తూ 1997లోనే చట్టం వచ్చింది. లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీలో, విషయం విద్యార్థులకు సంబంధించినదైతే, ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు ఉండాలని 2015 నాటి యూజీసీ నిబంధనలు చెబుతున్నాయి. ఈ కుర్చీలు ఖాళీగా ఉన్నాయా, లేక పేరుకు మాత్రమే నిండాయా అని కనుక్కోవడం కార్యదర్శి చేయగల పని. మా యువకుని పన్నెండు లక్ష్యాల్లో ఆ మాటే లేదు.

పదవిని అడగవచ్చునా?

పదవిని తానుగా కోరుకోవడం ధర్మమేనా అని కొందరు విద్యార్థులు అడుగుతుంటారు. దైవప్రవక్త (సఅసం) హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ సమురా (రజి) గారికి నాయకత్వాన్ని అడిగి తీసుకోవద్దని హితబోధ చేశారు. అడిగి తీసుకున్నవాడు ఆ బరువుతో ఒంటరిగా మిగులుతాడనీ, అడగకుండా వచ్చినవాడికి సహాయం అందుతుందనీ ఆ బోధ సారాంశం. మరోవైపు యూసుఫ్ (అలై) ఈజిప్టు రాజును దేశ ధాన్యాగారాల బాధ్యత తనకు అప్పగించమని అడిగారు. ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదురుతుంది?

మన పండితులు చెప్పిన సమాధానం నియ్యత్ దగ్గరా, యోగ్యత దగ్గరా ఆగుతుంది. యూసుఫ్ (అలై) గౌరవం కోసం అడగలేదు. కరువు రాబోతోందని ఆయనకు తెలుసు. కాపాడే నిజాయితీ, దానికి కావలసిన జ్ఞానం రెండూ తనలో ఉన్నాయని చెప్పి అడిగారు. ఇక హజ్రత్ అబూజర్ (రజి) వంటి మహాభక్తునికి సైతం పదవి అమానత్ అనీ, దాన్ని మోయడంలో ఆయన బలహీనులనీ దైవప్రవక్త (సఅసం) నచ్చజెప్పారు. అంటే మంచితనం ఒక్కటే చాలదు, పని చేతనవ్వాలి. పని చేతనవ్వడం ఒక్కటే చాలదు, మనసు శుభ్రంగా ఉండాలి.

యూసుఫ్ (అలై) వృత్తాంతంలో విద్యార్థి నాయకునికి మరో పాఠం ఉంది. పంటలు బాగా పండిన ఏడు సంవత్సరాల్లో ఆయన రాబోయే ఏడు కరువు సంవత్సరాల కోసం పనిచేశారు. విద్యార్థి మండలి పదవి ఒక్క ఏడాదే. ఆ ఏడాదిలోనే కనిపించి, ఆ ఏడాదిలోనే చప్పట్లు రావాలనుకునేవాడు ఉత్సవం తప్ప మరొకటి చేయలేడు. వచ్చే ఏడాది కార్యదర్శికి శుభ్రమైన ఖాతా పుస్తకం, పరిష్కారం కాని ఫిర్యాదుల జాబితా, సీనియర్లు వదిలి వెళ్లిన పాఠ్యపుస్తకాలతో నిండిన ఒక బీరువా అప్పగించి వెళ్లేవాడు యూసుఫ్ (అలై) బాటలో నడిచినవాడు.

చట్టం ఎక్కడ ఆగుతుంది?

విద్యార్థి ఎన్నికల్లో డబ్బు, దౌర్జన్యం పెరిగిపోయాయన్న ఆందోళనతో, సుప్రీంకోర్టు ఆదేశం మేరకు, మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో అధ్యక్షతన ఒక కమిటీ ఏర్పడింది. దాని సిఫారసులను అమలు చేయాలని కోర్టు 2006 సెప్టెంబరులో ఆదేశించింది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. హాజరు కనీసం 75 శాతం ఉండాలి. ఆ సంవత్సరంలో తప్పిన సబ్జెక్టులు ఉండకూడదు. అచ్చు పోస్టర్లు కూడదు, చేత్తో రాసినవే ఉండాలి. రాజకీయ పార్టీల సొమ్ము వాడరాదు. ఫలితం వచ్చిన రెండు వారాల్లో ఖర్చుల లెక్క అప్పగించాలి.

ఇవి మంచి నియమాలు. అయితే ఇవన్నీ గుమ్మం దగ్గర నిలిచే కాపలాదారు వంటివి. ఎవరు లోపలికి రాకూడదో చెబుతాయి, వచ్చినవాడు ఏం చేయాలో చెప్పవు. 5,000 లోపే ఖర్చుపెట్టి గెలిచి, ఏడాదంతా తన స్నేహితుల పనులే చేసిపెట్టినవాణ్ణి ఏ నియమమూ పట్టుకోలేదు. నీతి మొదలయ్యేది చట్టం ఆగిన చోటనే.

మన తెలుగు రాష్ట్రాల్లో చాలా కళాశాలల్లో ప్రత్యక్ష ఎన్నికలే లేవు. అధ్యాపకులే ప్రతినిధులను ఎంపిక చేస్తుంటారు. "నన్ను సార్లు పెట్టారు, విద్యార్థులకు నేను జవాబు చెప్పనక్కరలేదు" అనుకోవడం తప్పు. తాళంచెవి ఎవరి చేతుల మీదుగా వచ్చినా, గదిలో ఉన్నది ఎవరి సొత్తో వారికే జవాబు చెప్పాలి.

వంతెన ఎవరి కోసం?

మేము ఇంజనీరింగ్ చదవలేదు. ఆ యువకుణ్ణే అడిగాం: "వంతెనను సగటు బరువు లెక్కేసి కడతారా?" అతను నవ్వి, "లేదు మౌలానా సాబ్. దానిమీదికి రాగల అతి పెద్ద బరువును లెక్కేసి, దానిపైన మరికొంత భద్రత కలుపుతాం. గొలుసు బలం ఎంతంటే దానిలోని బలహీనమైన కొక్కెం బలం అంత" అన్నాడు.

"మరి నీ జాబితా ఏ లెక్కన కట్టావు?" అన్నాం.

నవ్వు ఆగిపోయింది. కాసేపటికి తలదించుకొని ఒక విషయం చెప్పాడు. అంతకుముందు ఏడాది అతను హాస్టల్‌లో మెస్ సెక్రటరీ. నెలలో అయిన ఖర్చును తిన్నవారి మధ్య పంచి వసూలు చేసే పద్ధతి అక్కడ ఉంది. గడువు దాటినా బిల్లు కట్టనివారి పేర్లు బోర్డు మీద రాసి, భోజనం ఆపమని వంటవాళ్లకు చెప్పాడు. నియమం ప్రకారమే చేశాడు. ఆ పేర్లలో పాలిటెక్నిక్ డిప్లొమా చదివి నేరుగా రెండో సంవత్సరంలో చేరిన ఒక అబ్బాయి ఉన్నాడు. ఆ అబ్బాయి ఎవరినీ ఏమీ అడగలేదు. పది రోజుల తర్వాత పెట్టె సర్దుకొని వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. "ఆ నెల వసూళ్లు పూర్తిగా వచ్చాయని నన్ను అందరూ మెచ్చుకున్నారు మౌలానా సాబ్. దాన్ని చూపించే ఈ ఏడాది కార్యదర్శినయ్యాను" అన్నాడు.

మేము అతనికి ఉపన్యాసం ఇవ్వలేదు. ఇవ్వడానికి మాకు అర్హత లేదు కూడా. మద్రసాలో చదివే రోజుల్లో మేమూ విద్యార్థుల అంజుమన్‌కు నాజిమ్‌గా ఉన్నాం. ప్రతి గురువారం రాత్రి ప్రసంగాల అభ్యాసం జరిగేది. ఎవరు మాట్లాడాలో మేమే నిర్ణయించేవాళ్లం. మాతో చదివే ఒక తమ్ముడికి నత్తి ఉండేది. వార్షిక జల్సా బాగా జరగాలన్న తపనతో ఏడాది పొడవునా అతని పేరు రాయలేదు. జల్సా ఎంతో బాగా జరిగింది. ఉస్తాదులు మమ్మల్ని అభినందించారు. అంజుమన్ పెట్టిందే మాట్లాడటం రానివాడికి నేర్పడానికని మాకు ఆ తర్వాత చాలా ఏళ్లకు గాని తట్టలేదు.

ఈ రెండు సంగతుల్లోనూ దొంగతనం లేదు, లంచం లేదు. లక్ష్యం తప్పింది, అంతే. వసూలు లక్ష్యమైనప్పుడు ఆకలి కనబడలేదు. జల్సా లక్ష్యమైనప్పుడు నత్తి ఉన్న తమ్ముడు కనబడలేదు. లక్ష్యం మన చూపును ఒకవైపు తిప్పుతుంది. అందుకే దాన్ని ఎంచుకోవడమే నాయకుని మొదటి పరీక్ష.

క్రీ.శ. 632లో ఖిలాఫత్ బాధ్యత స్వీకరించిన రోజున హజ్రత్ అబూబక్ర్ (రజి) చేసిన ప్రసంగం భావాన్ని గుర్తుచేసుకుందాం. తాను అందరికన్నా ఉత్తముణ్ణి కానన్నారు. తప్పు చేస్తే సరిదిద్దమన్నారు. బలహీనునికి అతని హక్కు ఇప్పించేదాకా అతడే తన దృష్టిలో బలవంతుడన్నారు. అది ఒక పాలకుని లక్ష్య ప్రకటన. అందులో కట్టబోయే కోటల సంగతి లేదు.

రెండు సందేహాలు

"అయితే ఉత్సవాలు చేయకూడదా? ఎక్కువమంది కోరేది అదే కదా, వాళ్లు కట్టిన డబ్బే కదా?" అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. హద్దుల్లో ఉన్న సంతోషం తప్పు కాదు, విద్యార్థులు తమ నైపుణ్యాన్ని ప్రదర్శించడం అవసరం కూడా. కానీ ఫర్జ్ వదిలి నఫిల్ చేసేవాణ్ణి మనం ఏమంటాం? హక్కు చెల్లించడం ఫర్జ్ వంటిది. ఉత్సవం నఫిల్ వంటిది. ముందు ఏది, తర్వాత ఏది అన్నదే ఇక్కడి మాట.

"కనబడని పనులే చేస్తే ఏడాది చివర నువ్వేం చేశావని అడుగుతారు కదా?" అన్నది రెండో సందేహం. లెక్క చెప్పడం వేరు, గొప్ప చెప్పుకోవడం వేరు. వచ్చిన ప్రతి రూపాయీ, పోయిన ప్రతి రూపాయీ నోటీసు బోర్డులో పెట్టాలి. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని తీరాయి, ఎన్ని తీరలేదో చెప్పాలి. అది రియా కాదు, జవాబుదారీ. అయితే సాయం పొందినవాడి పేరు మాత్రం బోర్డుకు ఎక్కకూడదు.

మరొక్క మాట. విద్యార్థి నాయకుడు తన కులానికో, మతానికో, బ్రాంచికో నాయకుడు కాడు. తనకు వ్యతిరేకంగా నిలిచినవాడి హక్కు కూడా అతని మెడలోనే ఉంటుంది. ఒక జనం మీద ఉన్న ద్వేషం కూడా మిమ్మల్ని న్యాయం నుంచి తప్పించకూడదన్నది దివ్య ఖుర్ఆన్ బోధ. ఓటు వేయనివాడికీ, రాత్రి చివరి బస్సు కోసం ల్యాబ్ నుంచి పరుగెత్తే అమ్మాయికీ, తెలుగు మీడియంలోనో ఉర్దూ మీడియంలోనో చదివి వచ్చి మొదటి సెమిస్టర్లోనే మూడు సబ్జెక్టులు తప్పినవాడికీ అతను జవాబుదారీ.

మిగిలిన మూడు లక్ష్యాలు

ఆ రాత్రి ఆ యువకుడు కాగితం తిప్పి, వెనక వైపు మూడే రాశాడు. ఒకటి: ఎవరి భోజనమైనా ఆపే ముందు మండలి సభ్యుడొకరు వెళ్లి అతనితో విడిగా మాట్లాడాలి, పేరు బోర్డు మీద రాయకూడదు. రెండు: సబ్జెక్టులు తప్పినవారికి సీనియర్లు సాయంత్రం పూట పాఠం చెప్పాలి. మూడు: ప్రతి నెలా లెక్క బోర్డు మీద ఉండాలి. ఉత్సవం గురించి "అది మిగిలిన డబ్బుతో చేస్తాం" అన్నాడు.

లేవబోతూ ఆగి, "ఆ అబ్బాయి సంగతి తౌబా చేసుకుంటే సరిపోతుందా?" అని అడిగాడు. దాసుల హక్కు విషయంలో తౌబాతో పాటు ఆ దాసుని క్షమాపణ కూడా కావాలని మన ధర్మం చెబుతుంది. ఆ మాటే చెప్పాం. "అయితే నాలుగోది కూడా ఉంది" అన్నాడు. దాన్ని కాగితం మీద రాయలేదు. ఆ అబ్బాయి ఊరికి బస్సు ఎక్కడి నుంచి దొరుకుతుందో మస్జిదు బయట ఎవరినో అడుగుతుండగా మాకు వినబడింది.

మన చేతికి వచ్చిన ప్రతి అమానత్‌ను దాని హక్కుదారుకు చేర్చే శక్తినీ, చేర్చలేకపోయిన చోట వెనక్కి వెళ్లి అడిగే ధైర్యాన్నీ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.